విశాఖలో రెండు రోజులు: లెక్క పిల్లలకు, కాపలా పెద్దలకు

బొబ్బిలి: పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జీడితోటల్లో పిక్కల ఏరుడు ఒక కొలిక్కి వచ్చింది. “ఈ ఏడయినా విశాఖపట్నం తీసుకెళ్తావా, నాన్నా?” అని ఇళ్లలో పిల్లలు అడగడం మొదలయింది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఈలోగా వాన పడి దుక్కులు మొదలయితే ఇంటి పెద్దకు ఊపిరి సలపదు. మధ్యలో దొరికేది రెండు రోజులు.

రెండు రోజులే కదా అని సంచి సర్దుకుని బండెక్కితే ఏమవుతుందో ఈ విలేకరికి అనుభవమే. ఆ మధ్య ఒక వేసవిలో మా అబ్బాయిని, మా అప్ప కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. బీచిలో దిగేసరికి జలాంతర్గామి గేటు మూసి ఉంది. ఆ రోజు సోమవారం. “పోనీ, జూకి వెళదాం” అన్నాడు మావాడు. జూకి కూడా సోమవారమే సెలవు. మండుటెండలో ఆటోలు మారి, డబ్బు వదిలించుకుని, సాయంత్రం బండికి తిరుగుముఖం పట్టాం. “మావయ్యా, నన్ను ముందే అడిగితే ఫోనులో చూసి చెప్పేదాన్ని కదా!” అంది మేనకోడలు. తప్పు నాదే. ఆ పిల్లను నేను అడగలేదు.

పద్దు వారిచేతే రాయించండి

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు చంకనెత్తుకునే వయసు వారు కారు. ఏడాదికో రెండేళ్లకో పెట్టె పట్టుకుని అదే పట్నంలో ఒంటరిగా దిగవలసిన వారు. బస్సు బోర్డు చదవడం, దారి అడగడం, చిల్లర లెక్క చూసుకోవడం ఆనాడు ఎవరు నేర్పుతారు? పక్కన తల్లీ తండ్రీ ఉన్న ఈ రెండు రోజుల్లోనే నేర్చుకోవాలి.

కనుక వారం ముందే నోటు పుస్తకం వారి చేతికి ఇవ్వండి. రానుపోను చార్జీలు, బస, తిండి, ప్రవేశ టిక్కెట్లు అని నాలుగు పద్దులు రాయించండి. అయిదో పద్దు ఆపదకు దాచే సొమ్ము. దాన్ని ఊరికి తిరిగి వచ్చేవరకు ముట్టుకోరాదు. ఉన్న డబ్బెంతో దాచకుండా చెప్పండి. లెక్క తెలిసిన పిల్ల దుకాణం ముందు మారాం చేయదు. పైగా “ఆటో వద్దు, బస్సెక్కుదాం” అని తనే అంటుంది.

ఆడవారికి చార్జీల భారం కొంత తగ్గింది. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయింది. దాని కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఉచితంగా వెళ్లవచ్చు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. లాడ్జిలో దిగేవారికీ అది తప్పదు. చుట్టాలింట దిగేవారు నాలుగు రోజుల ముందే కబురు చేయాలి. వేసవిలో పట్నంలో నీటికి ఎంత కటకటో వారికే తెలుసు.

సోమవారం వద్దని ఇదివరకే చెప్పాను. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం. నిజరూప దర్శనానికి వెళ్లేవారు తప్ప మిగతావారు ఆ రోజు కూడా మానుకుంటే మంచిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెల మూడో వారం లోపలే వెళ్లి రావడం మేలు.

మూడు చోట్లు చాలు

రెండు రోజుల్లో పది చోట్లు చూడాలనుకుంటే కాళ్ల నొప్పులే మిగులుతాయి. మూడు చాలు. పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో తిరగవద్దు.

మొదటిది ఆర్.కె. బీచిలోని కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 31 ఏళ్లు పనిచేసి 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. పొడవు సుమారు 300 అడుగులు. ఆ ఇరుకులో డెబ్బయి మందికి పైగా నావికులు ఎలా తిన్నారో, ఎలా పడుకున్నారో కళ్లారా చూడవచ్చు. నౌకాదళంలో పనిచేసి వచ్చినవారే దగ్గరుండి వివరిస్తారు. పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి. రోడ్డుకు ఆవలి పక్క టీయూ-142 విమానం ఉంది. అది 2017 డిసెంబరులో ప్రదర్శనశాల అయింది.

రెండోది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. బీచికి దగ్గరే, మెట్ట మీద ఉంది. 1926లో ఏర్పడింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఇదేమి వినోదమని అనుకోవద్దు. పొద్దున్నే ఆ చెట్ల నీడన ఒకసారి నడిచిన పిల్లకు అక్కడ చదవాలన్న ఆశ పుట్టవచ్చు.

మూడోది పిల్లల ఇష్టం. ఒకరు జూ అంటారు, ఒకరు కైలాసగిరి అంటారు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు భీమిలి దారిలోని తొట్లకొండ అనవచ్చు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల విహారం అది. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. ఎక్కడికో వారే తేల్చుకోనివ్వండి. పోట్లాట వస్తే చీటీ వేయండి.

సముద్రం దగ్గర మాత్రం మీ మాటే

పిల్లల మాట చెల్లకూడని చోటు ఒకటుంది. అది సముద్రం. మన కుర్రవాళ్లు ఊరి చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదగలరు. “నాకు ఈత వచ్చు” అన్న ధీమాతోనే దిగుతారు. చెరువు నీరు నిలిచి ఉంటుంది. ఒడ్డును తాకిన అల నీరు మాత్రం ఇరుకు పాయగా కూడి లోపలికి లాగుతుంది. అలలు విరగకుండా నెమ్మదిగా కనిపించే చోటే ఆ లాగుడు ఉండవచ్చు. గజ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. విశాఖ తీరంలో ఏటా ఎందరో కన్నవారికి కడుపుకోత మిగులుతోంది.

చీలమండ దాటి నీళ్లలోకి వద్దని ఊళ్లోనే మాట తీసుకోండి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట అసలు దిగవద్దు. నాచు పట్టిన బండలెక్కి ఫొటోలు తీసుకోవద్దు. ఎవరైనా లాగుడులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదరాదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. ఈదగలిగితే ఒడ్డు వెంబడే పక్కకు ఈది, లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. గట్టు మీదివారు వెనకే దూకవద్దు. తాడో, గాలి ట్యూబో విసిరి కాపలాదారులను పిలవాలి. పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ పెద్దల్లో ఒకరి చూపు వారి మీదే ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఒక పని చేయండి. టిక్కెట్ల వరుసలో పిల్లను నిలబెట్టి, మీరు పక్కకు తప్పుకోండి. ఊరి పేరు చెప్పి, టిక్కెట్లు తీసుకుని, చిల్లర లెక్కపెట్టుకుని ఆమె మీ దగ్గరకు వస్తుంది. రేపు కాలేజీకి సాగనంపేటప్పుడు మీ గుండె దిటవుగా ఉండాలంటే అది చూసి తీరాలి.