గిట్ట కెఱుకైనది చక్రమున కెట్లు తెలియును?

టేకులపల్లి యడవి యంచు చేలలో వానకాలపు దుక్కికి బోయినవారు చూచియే యుందురు. దిగబడు చోటు రాగానే యెద్దు ముందు గిట్టను మెల్లగా నాన్చి, బరువు మోపకయే వెనుకకు దీసికొనును. పైపెచ్చు గట్టిగా దోచినను క్రింద బురద యున్నదని దానికి గిట్టయే చెప్పును. గిట్టలేని యంత్రమున కీ సంగతి యెవరు చెప్పుదురు?

గత వానకాలమున మేమొక చేనిలోనికి, పైన నారిన నేలను జూచి, ట్రాక్టరును దింపించితిమి. వెనుక చక్రములు గిరగిర తిరిగెనే కాని బండి జానెడైన కదలలేదు. తిరిగిన కొలది దిగబడెను. వెలికి దీయుటకు మఱియొక ట్రాక్టరును, మోకును, ఒక పూట కాలమును పట్టినవి. తప్పు యంత్రముది కాదు, మాది.

ఎగుడుదిగుడు నేలపై దమంతట దాము నడచు యంత్రములను, అనగా రోబోలను, నిర్మించువారికిని ఇదియే చిక్కు. నెల్లూరుకు దక్షిణముననున్న శ్రీహరికోటనుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయానము 26 కిలోల ప్రజ్ఞాన్ బండిని చంద్రునిపై దింపెను. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నడచిన యా బండి, ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంట కనబడగా, భూమినుండి యాజ్ఞ నంది దారి మార్చుకొనెను. గుంట కంటికి దొరకును; పెచ్చు క్రింది మెత్తదనము దొరకదు. కుజగ్రహముపై స్పిరిట్ అను ఆఱు చక్రముల బండి 2009లో అట్టి పెచ్చు విరిగియే యిసుకలో దిగబడి, మఱి వెలికి రాలేదు.

కావున స్పర్శ కావలయును. కాళ్లుగల యంత్రమునకు పాదము క్రింద స్విచ్చి నమర్తురు. నేల తగిలిన నది నొక్కుకొనును. అదియు నొక్కొక్కప్పుడు బొంకును. 1999 డిసెంబరులో కుజునిపై దిగుచుండిన మార్స్ పోలార్ ల్యాండర్, కాళ్లు విప్పుకొన్నప్పటి కుదుపునే నేల తాకుటగా నెంచి, దాదాపు 40 మీటర్ల యెత్తుననే యింజన్ల నార్పుకొని పడిపోయి యుండునని విచారణ సంఘము తేల్చినది. తాకుట వేఱు, మోయుట వేఱు.

చక్రముల బండికి వేఱొక యుపాయము గలదు. మోటారు గుంజుకొను కరెంటును గనిపెట్టుదురు. చక్రము తిరిగిన చుట్లకు రావలసిన దూరమును, బండి నిజముగ జరిగిన దూరముతో సరిచూతురు. ఆ భేదమే జారుడు.

మన ట్రాక్టరులోను నేల నెఱుగు నవయవ మొకటి కలదు. హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టగా 1936లో అమ్మకమునకు వచ్చిన యేర్పాటది. నాగలికి నేల బరువైనప్పుడు టాప్ లింకు నొక్కుకొని, హైడ్రాలిక్ కవాటమును దెఱచి, నాగలిని కొంచెము పైకెత్తును. ఇందులకై యున్న డ్రాఫ్టు లివరును ముట్టని డ్రైవర్లను మేము పెక్కుమందిని జూచితిమి, ఏల కొన్నారో!

జారుడును గొలుచుటకు రోబో అక్కఱలేదు. వెనుక టైరునకు సుద్దగీత పెట్టి, గట్టినేలపై నాగలి నెత్తి పది చుట్లు నడిపి దూరము గొలువుడు. చేనిలో దున్నుచు మరల పది చుట్లు గొలువుడు. నూటికి పది పదునైదు వంతులు తగ్గుట సహజము. అంతకు మించినచో తడి యారనిండు. మేము దిగబడిన యా చేని గట్టుప్రక్కన పిదప గొలిచితిమి. బాటమీద పది చుట్లకు 120 అడుగులు వచ్చినది. అక్కడ 80 మాత్రమే.