గుమాస్తా మానేశాడు.. మరి పాస్‌వర్డ్‌ల సంగతేంటి?

బట్టల దుకాణమైనా, ట్రావెల్ ఏజెన్సీ అయినా ఈ రోజుల్లో నాలుగైదు లాగిన్లు తప్పవు. బిల్లింగ్‌కు ఒకటి, లెక్కలకు ఒకటి, మెయిల్‌కు ఒకటి, ఆన్‌లైన్ ఆర్డర్లకు ఇంకొకటి. చాలాచోట్ల అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. కౌంటర్‌లో ఉండే తమ్ముడు, లెక్కలు రాసే గుమాస్తా, దుబాయ్ నుంచి రాత్రిపూట అమ్మకాలు చూసుకునే పెద్దన్న.. అందరూ దాంతోనే లోపలికి వెళ్తారు.

గుమాస్తా పని మానేసిన రోజు అసలు చిక్కు మొదలవుతుంది. అతను ఇంకా వేటిలోకి వెళ్లగలడు? యజమానికే తెలియదు. 'మనోడే కదా భాయ్' అని వదిలేస్తారు. ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం కానీ, రేపు అతని ఫోన్ పోతే పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు?

దీనికి కంపెనీలు వాడే పద్ధతి సింగిల్ సైన్ ఆన్. ప్రతి ఉద్యోగికి సంస్థ పేరుతో ఒకే ఖాతా ఉంటుంది. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ, జోహో డైరెక్టరీ లాంటివి ఆ ఖాతాలను చూసుకుంటాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది పాస్‌వర్డ్ అడగదు, నేరుగా అక్కడికే పంపుతుంది. అక్కడ వివరాలు సరిపోతే 'ఇతను మా మనిషే' అని డిజిటల్ సంతకంతో కబురు వస్తుంది, పని మొదలవుతుంది. పాస్‌వర్డ్ మాత్రం బిల్లింగ్ కంపెనీ చేతికి వెళ్లదు. ఈ కబురుకు ఉన్న ప్రమాణాల్లో శామ్ల్ 2.0 2005లో, ఓపెన్ ఐడీ కనెక్ట్ 2014లో వచ్చాయి. సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఈ రెండిట్లో ఏది ఉందో అడగండి.

ఉద్యోగి వెళ్లిపోతే ఆ ఒక్క ఖాతా ఆపేస్తే చాలు, దానికి కలిపిన వాటన్నిటిలోకి కొత్తగా లాగిన్ కాలేడు. అయితే పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తుంటే దొడ్డిదారి తెరిచే ఉన్నట్టు. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపాలి. అప్పటికే తెరిచి ఉన్న లాగిన్లు కొన్ని యాప్‌లలో కాసేపు నడుస్తూనే ఉంటాయి, వాటినీ లాగౌట్ చేయించాలి. జీఎస్టీ పోర్టల్ దీని కిందికి రాదు, ఆ పాస్‌వర్డ్ విడిగా మార్చుకోవాల్సిందే.

ఎక్కువమంది పొరబడేది ఒకచోట. 'గూగుల్‌తో లాగిన్' బటన్ కనిపించగానే గుమాస్తా తన సొంత జీమెయిల్‌తో నొక్కేస్తాడు. ఆ జీమెయిల్ అతనిది, దాన్ని ఆపే అధికారం యజమానికి ఉండదు. లెక్కలు దుకాణానివి, తాళంచెవి మాత్రం అతని జేబులో!

ఒకే ఖాతా అంటే భయం కూడా ఉంది. అది దొంగ చేతికి చిక్కితే అన్నీ చిక్కినట్టే. అందుకే రెండంచెల ధ్రువీకరణ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. అడ్మిన్‌గా ఒక్కరే కాకుండా ఇంట్లో ఇద్దరుండాలి. బ్యాకప్ కోడ్‌లు కాగితంపై రాసి బీరువాలో పెట్టుకోవాలి.

ఇక ఖర్చు. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ సౌకర్యాన్ని ఖరీదైన ప్లాన్‌లోనే ఇస్తాయి. ముగ్గురు నలుగురు పనిచేసే దుకాణానికి అంత అవసరం లేదు. మనిషికో లాగిన్, పాస్‌వర్డ్ మేనేజర్, రెండంచెల ధ్రువీకరణ ఉంటే పని నడుస్తుంది. పది పదిహేను మంది దాటి, తరచూ మనుషులు మారుతుంటే మాత్రం ఆ ప్లాన్ రేటు ఎంతో కనుక్కోవచ్చు.