రౌటర్ అడిగే నాలుగు ప్రశ్నలు

ఇలా వచ్చి నా పక్కన కూర్చో అమ్మడూ. కొత్త రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి, ఆటోమేటిక్ వదిలేసి ‘స్టాటిక్ ఐపీ’ ఎంచుకోగానే నాలుగు ఖాళీ గళ్లు వచ్చాయి కదా! ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు చీటీ మీద రాసిచ్చిన నంబర్లు చూసి కొట్టేస్తే ఇవాళ్టికి పని జరిగిపోతుంది. రేపు నెట్ ఆగినప్పుడు తేడా ఎక్కడుందో నువ్వే కనిపెట్టాలంటే మాత్రం ఏ గడి ఏమడుగుతోందో తెలియాలి.

మొదటి గడి అడిగేది ‘నువ్వెవరు?’ అని. చుక్కలతో విడగొట్టిన నాలుగు సంఖ్యలు, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. 255 దగ్గరే ఎందుకు ఆగిందంటావా? యంత్రానికి తెలిసినవి సున్నా, ఒకటి అనే రెండు గుర్తులే. వాటిని ఎనిమిది స్థానాల్లో పేర్చడానికి 256 రకాలున్నాయి. సున్నా నుంచి లెక్కపెడితే చివరిది 255. నాలుగూ కలిస్తే 32 స్థానాలు, అంటే సుమారు 429 కోట్ల అడ్రసులు. 1981లో ఈ పద్ధతి ఖరారైన నాటికి కంప్యూటర్లు ఎక్కువగా ఉండేది విశ్వవిద్యాలయాల్లో, పెద్ద ఆఫీసుల్లో. అన్ని కోట్లు ఎవరికి కావాలి అనిపించే రోజులవి. ఇప్పుడు మనింట్లోనే చూడు, ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, ప్రింటరు, గేటు దగ్గర కెమెరా! ప్రపంచం మొత్తానికీ కలిపి ఒకేచోట నిల్వ ఉన్న అడ్రసుల్లో చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో ఖండాలవారీ సంస్థలకు పంచేశారు.

అయినా అందరికీ నెట్ ఎలా వస్తోంది? ఇది నాకెంతో ఇష్టమైన సంగతి. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని 1994లో కొన్ని వరసలు విడిగా పెట్టారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, ఆపైన నువ్వు రోజూ చూసే 192.168 వరస. మన అపార్ట్‌మెంట్లో 101 ఫ్లాట్ ఉంది, ఎదురు అపార్ట్‌మెంట్లోనూ 101 ఉంది. ఎవరికీ ఇబ్బంది లేదు కదా! అలాగే నీ ఫోనుది 192.168.1.5 అయితే, విజయవాడలో మీ పిన్ని ఫోనుదీ అదే కావచ్చు. నీ ఫోను బయటికి ఏదైనా పంపితే రౌటర్ ఆ లోపలి నంబరు తీసేసి తన బయటి అడ్రసు వేస్తుంది. అడిగిందెవరో పట్టికలో రాసుకుని, జవాబు రాగానే సరిగ్గా నీ ఫోనుకే అందిస్తుంది. ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తున్నా ఒకరిది ఇంకొకరికి పోదు. ఈ ఏర్పాటు పేరు నాట్. అడ్రసులు అయిపోయాక కూడా ఇంటింటికీ నెట్ అందుతోందంటే చాలావరకు దాని పుణ్యమే.

అందుకే రౌటర్లో రెండు పేజీలుంటాయి. బయటివైపు వ్యాన్, లోపలివైపు ల్యాన్. చీటీలో నంబర్లు వ్యాన్ పేజీలోకే వెళ్లాలి. ల్యాన్ పేజీ మన ఇష్టం.

రెండో గడి మాస్క్. అది అడిగేది ‘నీ ఇరుగుపొరుగు ఎవరు?’ అని. 255.255.255.0 అంటే మొదటి మూడు సంఖ్యలూ కలిసినవాళ్లంతా మనవాళ్లే, నాలుగోది మాత్రం మారుతుంది. 192.168.1.20లో ఉన్న ప్రింటరుతో నీ ఫోను నేరుగా మాట్లాడేస్తుంది. మూడింటిలో ఒక్కటి కలవకపోయినా అది బయటివాళ్ల లెక్క. ఈ వరసలో మొదటిదీ చివరిదీ ఎవరికీ ఇవ్వరు కాబట్టి 254 మిగులుతాయి. ఇంటికి ధారాళంగా చాలు.

మూడోది గేట్‌వే. ‘బయటికి దారెటు?’ ఆ దారి చూపేవాళ్లు మన వరసలోనే ఉండాలి, లేకపోతే వాళ్ల దగ్గరికే చేరలేం. నీ ఫోనుకైతే గేట్‌వే మన రౌటరే.

ఇక్కడ ఒక చిక్కు చెబుతాను, శ్రద్ధగా విను. ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా చాలా ఇళ్లలో 192.168.1.1 అడ్రసుతోనే ఉంటుంది. కొని తెచ్చుకున్న రౌటరు కూడా తరచు అదే అడ్రసుతో వస్తుంది. రెండూ కలిపితే రౌటర్‌కి లోపలా బయటా ఒకే వరస! ఏది ఎటు పంపాలో దానికి తెలియదు. తీగలన్నీ బాగానే ఉంటాయి, దీపాలన్నీ వెలుగుతుంటాయి, నెట్ మాత్రం రాదు. ల్యాన్ పేజీలో మన రౌటర్ అడ్రసు 192.168.2.1 చేసి సేవ్ చేస్తే సరి. తర్వాత ఆ పేజీ తెరవాలంటే కొత్త అడ్రసే కొట్టాలి సుమా.

నాలుగోది డీఎన్ఎస్. ‘పేరు చెబితే నంబరు ఎవరు చెబుతారు?’ మనకు పేర్లు గుర్తుంటాయి, యంత్రాలకు నంబర్లు కావాలి. తొలిరోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నడిపేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక్కచోట రాసుకోవడం అసాధ్యమై, 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ పనిని లోకమంతా పంచే పద్ధతి కనిపెట్టాడు. అదే డీఎన్ఎస్. ఈ గడిలో చీటీలోది వేసినా, గూగుల్ వాళ్ల 8.8.8.8 వేసినా, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 వేసినా పనిచేస్తుంది.

పేజీలేవీ తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి ping 8.8.8.8 అని కొట్టి చూడు. జవాబు వచ్చి, పేరుతో మాత్రం ఏదీ తెరుచుకోకపోతే తప్పు నాలుగో గడిలో ఉన్నట్టు. ఆ జవాబూ రాకపోతే మొదటి మూడూ చీటీతో సరిపోల్చు, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూడు.

ప్రింటరు అడ్రసు మాటిమాటికీ మారకూడదంటే, ల్యాన్ పేజీలో అడ్రసులు ఆటోమేటిక్‌గా పంచే డీహెచ్‌సీపీలో చివరి సంఖ్య 100 నుంచి 199 దాకా అని పెట్టి, ప్రింటరుకు 20 లాంటిది నువ్వే ఖాయం చెయ్యి. రెండింటికీ ఒకే నంబరు పడే బెడద ఉండదు.

వైఫై భద్రత డబ్ల్యూపీఏ2 గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ పెట్టు. రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, రౌటర్ కింద అచ్చేసినది అలాగే వదిలెయ్యకు. మార్చి, చీటీ వెనకాలే రాసి బీరువాలో పెట్టు. ఇక సేవ్ నొక్కు, రౌటర్ మళ్లీ లేచేదాకా తీగ పీకకు.