మందు దారిలో ఎదురుచూపులు

1960 ఏప్రిల్ 1న మా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. హద్దు మారింది గాని అభిమానం మారలేదు. హైదరాబాదులో ఒక తెలుగువాడు కొత్త మందు కనిపెట్టించాడంటే ఇక్కడ మా ఇళ్ళలో పెళ్ళి కుదిరినంత సంబరం. ఆ సంబరంతోనే మా బంధువుల్లో కొందరు డాక్టర్ రెడ్డీస్ షేర్లు కొన్నారు.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో ఈ కంపెనీని, 1993లో దాని పరిశోధనా సంస్థను స్థాపించారు. 1997లో అక్కడ తయారైన మధుమేహ ఔషధం బాలగ్లిటజోన్ హక్కులను డెన్మార్క్‌లోని నోవో నార్డిస్క్ తీసుకుంది. సొంతంగా కనిపెట్టిన అణువును విదేశీ కంపెనీకి ఇలా ఇవ్వడం భారతీయ సంస్థకు అదే మొదలు. మరుసటి ఏడు రాగాగ్లిటజార్ కూడా వారికే వెళ్ళింది. రక్తంలో చక్కెరనూ, కొవ్వునూ రెండింటినీ అదుపు చేసే మందు అది.

మా చిన్నాయన రిటైరైన బడిపంతులు. షుగరు రోగి కూడాను. అందుకే ఆయన ఎదురుచూపు రెండు విధాల. నేను తిరువళ్ళూరులో పని ముగించుకుని, అరక్కోణం మీదుగా రైల్లో ఇల్లు చేరేసరికి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. “ఏం నాయనా, మన మందు సంగతి పేపర్లో ఏమైనా పడిందా?” అనేవాడు. లోపలి నుంచి చిన్నమ్మ, “మందు వచ్చినప్పుడు వస్తుంది. పిల్ల పెళ్ళికి దాచింది మాత్రం పోస్టాఫీసులోంచి తీసేది లేదు” అని కేకేసేది. ఆ మాట ఆయన దాటలేదు.

హక్కులు అమ్ముడైతే మందు అంగడికి వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. మొదట జంతువుల మీద పరీక్షలు. తర్వాత కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద, ఆపైన వందల మంది రోగుల మీద, చివరకు వేల మంది మీద. ఇదంతా పదేళ్ళకు పైబడిన పని. మనుషుల మీద పరీక్షకు వచ్చిన మందుల్లో పదింట ఒకటి గట్టెక్కితే గొప్ప. మరోపక్క, మందు దీర్ఘకాలం వాడితే కాన్సరు వస్తుందేమో చూడటానికి ఎలుకలకు రెండేళ్ళ పాటు ఇస్తారు.

రాగాగ్లిటజార్ అక్కడే ఆగింది. 2002 జూలైలో, మూడో దశ నడుస్తుండగా, ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయని నోవో నార్డిస్క్ పరీక్షలు నిలిపివేసింది. షేరు ధర పడింది. ఆ వార్త నేనే చదివి వినిపించాను. చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆనక, “షేరు కొన్నవాడికి నష్టమే. కానీ ఆ మాత్ర మింగవలసినవాణ్ణి నేనే గదా! ఎలుక దగ్గరే తెలిసింది, మంచిదే” అన్నాడు.

నాకు తెలిసి ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. మదుపరికి చేదైన వార్తే రోగికి రక్ష కావచ్చు. పరీక్ష ఓడిందంటే మోసం జరిగిందని కాదు, పరీక్ష తన పని తాను చేసిందని.

బాలగ్లిటజోన్ తర్వాత మూడో దశ దాకా వెళ్ళినా అంగడికి రాలేదు. అయినా కంపెనీ నిలిచింది. పేటెంటు తీరిన మందుల వ్యాపారం దానికి అండ. 2001లోనే అమెరికాలో ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గుళికలను ఆరు నెలల ప్రత్యేక హక్కుతో అమ్మింది. ఇక రాగాగ్లిటజార్ కోవకే చెందిన సారోగ్లిటజార్‌ను అహ్మదాబాదుకు చెందిన జైడస్ 2013లో మనదేశంలో విడుదల చేసింది. అంజిరెడ్డి గారు ఆ ఏడే మార్చిలో కన్నుమూశారు.

కాబట్టి కొత్త మందు వార్త చూసి షేరు కొనేవారు మూడు సంగతులు విచారించాలి. మందు ఏ దశలో ఉంది? అది ఆగిపోతే కంపెనీకి వేరే రాబడి ఉందా? పెట్టే డబ్బు పోయినా ఇల్లు గడుస్తుందా? మూడోదానికి జవాబు ఇంటి ఇల్లాలిని అడగండి. తెలుగువాడి విజయానికి చప్పట్లు కొట్టడానికి పెళ్ళి డబ్బు అక్కరలేదు.