నీళ్లలోకే ఆమ్లం

అమ్మడూ, పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలైతే మాస్టారు ఒక జాగ్రత్త తప్పకుండా చెబుతారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేయాలంటే నీళ్లలో ఆమ్లం పొయ్యాలి గానీ ఆమ్లంలో నీళ్లు పొయ్యకూడదని. పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో చక్కగా రాస్తారు కూడా. చేతిలో బీకరు పట్టుకుని కంగారుపడ్డప్పుడు మాత్రం బట్టీ పట్టింది తలకిందులవుతుంది. కారణం తెలిసిందైతే అవదు.

లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు గాఢ ఆమ్లం దాదాపు 1.84 కిలోలు తూగుతుంది. రెండూ కలిస్తే విపరీతమైన వేడి పుడుతుంది. ఆమ్లంలో కాసిని నీళ్లు పోశావనుకో, తేలికైనవి కాబట్టి పైనే ఉండిపోతాయి. పుట్టిన వేడంతా వాటి మీదే పడుతుంది. 100 డిగ్రీలకు చేరి ఒక్కసారిగా ఆవిరవుతూ చుట్టూ ఉన్న ఆమ్లాన్ని ఎగజిమ్ముతాయి. తాలింపు వేసేటప్పుడు కాగిన నూనెలో తడి కరివేపాకు పడితే చిటపటమని మీదికి చిందుతుందే, అలాగన్నమాట. నూనెకైతే బొబ్బతో పోతుంది. ఆమ్లం కంట్లో పడితే చూపే పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తియ్యనివ్వకూడదు.

అదే నీళ్లలో, గాజు కడ్డీతో కలుపుతూ ఆమ్లాన్ని సన్నగా పోస్తే, బరువైనది గనక కిందికి దిగుతూ కలిసిపోతుంది. వేడి అప్పుడూ పుడుతుంది, బీకరు చెయ్యి కాలేంత వేడెక్కవచ్చు. కాకపోతే అన్ని నీళ్లూ కలిసి దాన్ని పంచుకుంటాయి.

ఇంటర్‌లో నైట్రేటు లవణాన్ని గుర్తుపట్టడానికి బ్రౌన్ రింగ్ టెస్ట్ చేస్తారు. ఫెర్రస్ సల్ఫేటు కలిపిన ద్రావణంలోకి, వాలుగా పట్టుకున్న టెస్ట్‌ట్యూబు గోడ వెంబడి గాఢ ఆమ్లాన్ని మెల్లగా జారుస్తారు. అది అడుక్కి చేరితేనే రెండు పొరల మధ్య గోధుమరంగు వలయం కడుతుంది. అక్కడ భయపెట్టిన బరువే ఇక్కడ పని చేసిపెడుతోంది, చూశావా! ఈ రెండింటినీ కలిపి చెప్పే మాస్టారంటే నాకెంతో గౌరవం. ఆమ్లం సీసా ముట్టుకోకముందే, గాజు గ్లాసులో నీళ్లు పోసి చల్లారిన బెల్లం పాకం వంచి చూపిస్తే చాలు, బరువైనది ఎటు పోతుందో పిల్లలకు కళ్లకు కడుతుంది.

చున్నీ, జడ ముడివేసుకోవడం, టెస్ట్‌ట్యూబు మూతి పక్కవాళ్ల వైపు పెట్టకపోవడం లాంటి మిగతా జాగ్రత్తలు నీకు తెలిసినవే.

మరి ఒంటి మీద ఆమ్లం పడితే నీళ్లు పొయ్యచ్చా అంటావా? మంచి ప్రశ్న. నాలుగు చుక్కలు చల్లితే వేడెక్కుతుంది. కుళాయి ధారగా వదిలితే ఆ వేడినీ, ఆమ్లాన్నీ కలిపి కొట్టుకుపోతుంది. అందుకే తడిసిన బట్టలు వెంటనే తీసేసి, కనీసం 20 నిమిషాలు ధార కింద ఉంచాలి, ఆపైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. విరుగుడని తినే సోడా రుద్దకూడదు, ఆమ్లంతో అది కలిసినప్పుడు కూడా వేడి పుడుతుంది.