సున్నా ఎందుకు ఊడిపోతుంది?

మచిలీపట్నానికి దగ్గర్లోని పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు టేకు మొద్దు మీద ఉలితో పువ్వుల్ని లేపుతారు. పువ్వు అడుగున చెక్క అలాగే ఉంటుంది కాబట్టి ఏదీ రాలిపోదు. లేజర్‌తో కోసే చెక్క జాలీలో ఆ వెసులుబాటు లేదు, కోత చెక్క అవతలికి దాటిపోతుంది. పలకలో ‘ఆనందం’ అని కత్తిరించారనుకోండి. సున్నాల్లోని గుండ్రటి ముక్కలు కిందపడి, ఉత్త కన్నాలు మిగులుతాయి! అందుకే గీసేటప్పుడే లోపలి ముక్కను బయటి చెక్కతో కలుపుతూ సన్నని వంతెనలు వదలాలి. మెలికల ముగ్గయితే మరీ చిక్కు, ప్రతి గడీ ఒక దీవే. అసలు నేర్పంతా ఈ వంతెనలు కనపడకుండా దాచడంలోనే ఉందంటాను.

మరి వెలుతురు చెక్కను ఎలా కోస్తుంది? మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. దాని కిరణం కంటికి కనపడదు గానీ, చెక్క దాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. కటకం ఆ కిరణాన్ని చుక్కంత చోటికి కుదిస్తే అక్కడి చెక్క కాలి పొగైపోతుంది. అంచులు నల్లబడేది అందుకే.

ముందే కాగితం టేపు అంటిస్తే పొగ మరకలు దానికే పడతాయి. టేపు తీశాక చెక్క చారల వెంట ఉప్పుకాగితంతో రుద్ది సీలర్ పూయాలి, రెండు వైపులా. పెడన లాంటి డెల్టా ఊళ్ల గాలిలో తేమ ఎక్కువ కదా, ఒకవైపే పూస్తే రెండోవైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, పలక వంగిపోతుంది.