కోడలు కాలేజీకి వెళ్లింది

మా అబ్బాయి కాపురం కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు కాస్త దక్షిణంగా. ఆరునెలలు వుండి వద్దామని వెళ్లాను. వెళ్లిన మూడోరోజు ఉదయం కోడలు భుజాన సంచీ తగిలించుకుని, "అత్తయ్యా, సాయంత్రం బాబును బడి నుంచి మీరు తీసుకు వస్తారా? నాకు యివాళ లాబ్ వుంది" అన్నది. బడి రెండు వీధుల అవతలే గనుక సరేనన్నాను. ఏం లాబ్ అని అడిగితే, కమ్యూనిటీ కాలేజీలో బయోటెక్నాలజీ చదువుతున్నానని చెప్పింది.

దాచుకోవడం యెందుకు, నాకు చిన్నతనంగా తోచింది. మా కోడలు గుంటూరు పిల్ల. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఆ ఎమ్మెస్సీ కాగితం అంతకాలమూ పెట్టె అడుగునే వుంది. ఇప్పుడు నిన్న మొన్న హైస్కూలు దాటిన పిల్లల పక్కన నిలబడి పైపెట్టు పట్టుకోవడం నేర్చుకోవడమా! మా వియ్యపురాలు ఫోనులో, "వదినగారూ, పై చదువు అంటే పైకి వెళ్లాలి గాని కిందికి దిగడమేమిటి? నలుగురూ అడిగితే యేమని చెప్పను?" అని వాపోయింది. నా దగ్గరా జవాబు లేదు.

అమెరికా చదువు అనగానే మన యిళ్లలో ఎమ్మెస్ ఒక్కటే గుర్తు వస్తుంది. ఈ కమ్యూనిటీ కాలేజీల సంగతి మనకు బొత్తిగా తెలియదు. షికాగోకు దగ్గర జోలియట్ అనే వూళ్లో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలయిన కాలేజీని యిలాంటి వాటిలో మొట్టమొదటిదిగా చెబుతారు. ట్రూమన్ అధ్యక్షుడు వేసిన సంఘం 1947లో యీ పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. రెండేళ్ల చదువు; ప్రవేశానికి పోటీ పరీక్ష వుండదు. కావాలనుకుంటే తరువాత విశ్వవిద్యాలయానికి మారవచ్చు, లేదా ఏదో ఒక పని నేర్చుకుని సర్టిఫికెట్టుతో బయటపడవచ్చు. ఒక్క కాలిఫోర్నియాలోనే యిలాంటివి 116 వున్నాయి. ఆ రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు ఫీజు. విదేశీ విద్యార్థులకు మాత్రం అంతకు యెన్నో రెట్లు. యిది చదివి పిల్లలను పంపేద్దామనుకునే తలిదండ్రులు ఆ మాట మరవకూడదు.

సరే, ఆ వూళ్లలో యీ చదువే యెందుకంటే దానికో కథ వుంది. మా అబ్బాయి ఒక ఆదివారం కారులో తిప్పుతూ సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కో కొండను చూపించాడు. కొండ మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలు: 'పారిశ్రామిక నగరం' అని. ఒకనాడు అక్కడ వున్నవి మాంసం ప్యాకింగ్ శాలలూ ఉక్కు మిల్లులూ. 1976లో హెర్బర్ట్ బోయర్ అనే ప్రొఫెసరూ, రాబర్ట్ స్వాన్సన్ అనే యువ వ్యాపారీ కలిసి జెనెన్‌టెక్ అనే కంపెనీ పెట్టారు. మనిషి శరీరంలో తయారయ్యే ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల చేత తయారు చేయించాలని పూనుకుని, 'సిటీ ఆఫ్ హోప్' పరిశోధకులతో కలిసి 1978లో సాధించారు. 1982లో అది మందుగా బజారులోకి వచ్చింది. అంతకు ముందు ఇన్సులిన్ అంటే పందుల నుంచీ పశువుల నుంచీ తీసిందే.

ఈ మాట విని నేను కారులో కాసేపు మాట్లాడలేదు. పదకొండేళ్లుగా రోజూ పొడుచుకుంటున్న సూది అది! పుట్టిల్లు చూసినట్టయింది.

జన్యువును కనిపెట్టేది ప్రొఫెసరే కావచ్చు. కాని రోజూ ఆ జీవులకు మేత కలిపి, వేడి చూసి, లెక్క రాసి, మందును సీసాలోకి చేర్చే చేతులు వేరే. ఆ చేతులకు తర్ఫీదు యిచ్చేవి యీ కాలేజీలే. మా కోడలు నాకు చెప్పిన మాట యిది: "ఎమ్మెస్సీలో ఇవన్నీ చదివాను అత్తయ్యా. కాని పరికరం ఒకటి, చుట్టూ పదిమందిమి. చూశానే గాని చెయ్యలేదు."

ఇక్కడ అన్నీ స్వయంగా చెయ్యాలి. మిల్లీలీటరులో వెయ్యోవంతును పైపెట్టుతో తీసి, తూచి, సరిగా వచ్చిందో లేదో రుజువు చూపాలి. ద్రావణాలను 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చెయ్యాలి. ఒకరోజు జెల్లీచేప జన్యువును బాక్టీరియాలోకి ఎక్కించారట. అతినీల కాంతిలో పచ్చగా వెలుగుతున్న ఫొటో తెచ్చి చూపిస్తే మా మనుమడు రాత్రి నిద్రపోతేనా!

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది నోటుపుస్తకం. సిరాతోనే రాయాలి. చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు, కాగితం చింపకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింది అక్షరం కనబడేట్టుగా, పక్కన తేదీ, పొడి సంతకం. మందుల ఫ్యాక్టరీలో రాయని పని చెయ్యని పనితో సమానమట.

ఒక మంగళవారం బాబుకు జ్వరం తగిలింది. మందు సీసా యెక్కడుందో తెలియక కోడలికి ఫోను చేశాను. నాలుగు మాటల్లో చెప్పి పెట్టేసింది. రెండు రోజుల తరువాత ముఖం వేలాడేసుకుని యింటికి వచ్చింది. ఒక జాతి చుంచెలుక నుంచి తీసిన కణాలను 37 డిగ్రీల వెచ్చదనంలో మూడువారాలుగా పెంచుతోంది. ప్రతిసారీ వాటిని లెక్కించి గ్రాఫు గియ్యాలి. ఎర్రగా వుండవలసిన ఆహారద్రవం పసుపుపచ్చగా మారి, మసకబారి వుంది. బాక్టీరియా పడింది! మనం పాలు తోడుపెట్టే గిన్నెలో యేదో పడితే పారబోసి మరో గిన్నె పెడతాం. అక్కడ అలా కుదరదు.

పక్క బల్ల కుర్రవాడు మంచివాడు కాబోలు, "నా సీసాలోంచి కాస్త తీసుకో, యెవరికీ తెలియదు" అన్నాడట. ఆమె తీసుకోలేదు. కణాలను బ్లీచింగ్ ద్రావణంతో చంపి పారబోసింది. గ్రాఫు సగంలో ఆగిపోయినందుకు మార్కులు తగ్గాయి.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద వున్న ఆ పుస్తకాన్ని నేను తెరిచాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ పేజీ అర్థమయింది. మంగళవారం, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు: మూత తీసి వుండగా ఫోను వచ్చింది, చేతితొడుగు మార్చకుండానే పని కొనసాగించాను, అని రాసింది. ఫోను యెవరు చేశారో రాయలేదు. నాతోనూ అనలేదు.

మర్నాడు వియ్యపురాలికి నేనే ఫోను చేశాను. "వదినగారూ, నలుగురూ అడిగితే మందులు తయారు చెయ్యడం నేర్చుకుంటోందని చెప్పండి" అన్నాను. "ఉద్యోగం వస్తుందా మరి?" అన్నది ఆవిడ. ఆ ప్రశ్న ఆవిడ అడగవలసిందే. భర్త హెచ్-1బి వీసా ఆధారంగా వెళ్లిన భార్యలు చదువుకోవడానికి అడ్డు లేదు. పని చెయ్యడానికి మాత్రం వేరే అనుమతి కావాలి. అది కూడా 2015 నుంచే, అందులోనూ కొందరికే. మా కోడలికి ఆ కాగితం వుంది. కాని 2022 తరువాత ఆ ప్రాంతపు బయోటెక్నాలజీ కంపెనీలు చాలా మందిని తీసేశాయి. సర్టిఫికెట్టు చేతికి రావడానికి యింకా ఒక సెమిస్టరు వుంది. అప్పటికి గాలి యెటు తిరుగుతుందో యెవరు చెప్పగలరు?

నేను వచ్చేసేముందు రోజు నా ఇన్సులిన్ సీసాలు సర్దుతూ, "అత్తయ్యా, ఇది యెప్పుడు తెరిచారు?" అని అడిగింది. గుర్తు లేదన్నాను. తెరిచిన తరువాత యిన్ని రోజులేనని వుంటుందని, తేదీ వెయ్యమని కోప్పడింది. గుంటూరు వచ్చాక కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ సిరాపెన్నుతో తేదీ వేస్తున్నాను. మొన్న ఒకసారి తప్పు తేదీ పడింది. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేసి, పొడి సంతకం చేశాను.